గుల్లలంకలో ఆఖరి తట్ట

బుడమేరు పొంగి బెజవాడను ముంచిన ఏడాది ఇది జరిగింది. టీవీల్లో అందరూ బెజవాడనే చూశారు. అక్కడ తీసిన నీళ్ళు ఎటు పోతాయో ఎవరూ అడగలేదు. మా కొల్లేట్లోకే దిగుతాయి. దిగాయి. చేపల చెరువుల గట్లు మునిగాయి, రోడ్డు మునిగింది, మా కాలనీలో ఇళ్ళు కిటికీల దాకా నీళ్ళలో నిలబడ్డాయి. ఆ నీళ్ళు ఎక్కుతున్న రోజున నా తమ్ముడు ఇస్సాకు దోనె తీసుకుని కొల్లేట్లోకి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఎందుకు వెళ్ళాడో ఎవరికీ తెలియలేదు. వల ఇంట్లోనే ఉంది. వాడి భార్య విక్టోరియా అప్పటికే బళ్ళో పెట్టిన శిబిరానికి వెళ్ళిపోయింది. కూతురు జాయ్సీ తాడేపల్లిగూడెంలో ల్యాబులో పనిచేస్తుంది, అక్కడే ఉంది. చెప్పి వెళ్ళడానికి ఇంట్లో మనిషి లేడు.

నేను ఏలూరులో ఆస్పత్రిలో ఉన్నాను. గుండెల్లో నొప్పి వస్తే చేర్చారు. పక్క మంచం మీద ఒక ముసలాయన చలికి వణుకుతుంటే నా దుప్పటి తీసి కప్పాను. ఎర్రగళ్ళ దుప్పటి. చలికాలమంతా అది కప్పుకునే నేను గట్టు మీద కూర్చుంటాను కాబట్టి మా కాలనీలో దాన్ని ఎరగనివాళ్ళు లేరు. తెల్లారేసరికి ఆయన పోయాడు. అదే దుప్పటి ముఖం మీదకి లాగారు. నేను బాత్రూముకి వెళ్ళి తిరిగి వస్తుంటే వార్డు గుమ్మంలో మా కాలనీ వీర్రాజు వీపు కనిపించింది. పిలిచేలోగా మెట్లు దిగిపోయాడు. అప్పుడు అది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు.

మాది కొల్లేటి నడుమ గుల్లలంక. ఎనభయ్యారు వరద తర్వాత గవర్నమెంటు గుండుగొలనుకు దిగువన రోడ్డు పక్క స్థలాలిస్తే ఒక్కొక్క ఇల్లూ లేచి వచ్చేసింది. ఇప్పుడు లంకలో మనిషి లేడు. రాతి గుమ్మాలు, మొండిగోడలు, పక్షులు.

ఆ లంక దేవుడు పోసింది కాదు, మా పెద్దవాళ్ళు పోసింది. వేసవిలో నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, ఇంట్లో ఎన్ని తలలుంటే అన్ని తట్టల ఒండ్రుమట్టి కొల్లేటి అడుగు నుంచి తీసి లంక మీద పొయ్యాలి. చంటిపిల్లకీ ఒక తట్టే, ముసలికీ ఒక తట్టే. అలా పోస్తేనే వానాకాలంలో లంక నీళ్ళ పైన నిలిచేది. మనిషి పోతే ఆ పేరున ఇంకొక్క తట్ట. అది ఆఖరి తట్ట. ఇంటి గుమ్మం ఎదుట వరసలో ఆ మనిషి చోటున పోసి, చేతి గుర్తు వేసి, వెనక్కి చూడకుండా రావాలి. శవాన్ని మట్టిలో పెట్టేలోపు ఆ తట్ట పడాలి. పడకపోతే ఆ మనిషికి లంకలో చోటుండదు.

తట్ట పోసిన చెయ్యి దారిలో కడగకూడదు. ఇంటికొస్తే ఆ ఇంటి ఆడమనిషి చెంబుతో నీళ్ళు పోస్తుంది, అప్పుడు కడుక్కోవాలి. నోటితో ఎవరూ ఏమీ చెప్పరు. చెయ్యి చూస్తే తెలుస్తుంది.

చేతి గుర్తు ఇంటికొకటి. మా ఇంటివాళ్ళం ఎడమచెయ్యి వెనకవైపు అద్దుతాం. అరచెయ్యి కాదు. వేళ్ళ కణుపులు మట్టిలో దిగాలి. మా నాన్న నాకు నేర్పాడు, నేను ఇస్సాకుకు నేర్పాను. ఆ గుర్తు వేసేవాళ్ళం మేమిద్దరమే మిగిలాం.

లంక వదిలాక వేసవి తట్టలు మానేశాం. ఆఖరి తట్ట మానలేదు. పాస్టరుగారు వద్దంటారు. అనడం ఆయన పని. పొయ్యడం మా పని.

దసరా దగ్గర పడేసరికి నీళ్ళు తగ్గాయి. నేను ఆస్పత్రి నుంచి వచ్చి చాలా రోజులైంది. ఒకరోజు సాయంత్రం విక్టోరియా మా అరుగు మీదకు వచ్చింది. చేతిలో తట్ట ఉంది.

“బావగారూ, పాస్టరుగారు మీ తమ్ముడి పేరున ఆదరణ ప్రార్థన కూడిక ఎప్పుడు పెట్టమంటారని అడుగుతున్నారండి.”

“ఊఁ.”

“ఊఁ అంటే ఎలాగండీ? మనిషి పోయాడని ఎవరు చూశారు? అందరూ నా ముఖం చూసి తల పక్కకు తిప్పుకుంటన్నారు. బొట్టు పెట్టుకునేవాళ్ళమైతే ఈపాటికి చెరిపేసేవాళ్ళు కూడాను.”

నా చూపు ఆమె చేతిలోని తట్ట మీదకి పోయింది.

“మీరు లంకకి వెళ్ళండి. అంతా చూడండి. ఆయన జాడ ఏ కాస్త ఉన్నా కడిగిన చేతుల్తో రండి. లేదనుకుంటే...” తట్ట నా ముందు పెట్టింది. “మాది వరదకి కొట్టుకుపోయినట్టుందండి, కనపడట్లేదు. ఇది పక్కింటి వెంకటలక్ష్మిది. మీరు బురద చేత్తో వస్తే నేను నీళ్ళు పోస్తాను. ఆయన పోయాడని అప్పుడు నమ్ముతాను. అప్పటిదాకా బిషప్పుగారు వచ్చి చెప్పినా నమ్మనండి.”

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. జాయ్సీ కూడా వస్తానంది. సెలవు పెట్టి వచ్చింది. ఆ పిల్ల కాలనీలోనే పుట్టింది, లంక ఎప్పుడూ చూడలేదు.

నీళ్ళు ఇంకా బురదరంగులోనే ఉన్నాయి. గుర్రపుడెక్క చాపలు చాపలుగా తేలుతూ దారికి అడ్డం వచ్చేది. గెడతో తోసుకుంటూ వెళ్ళాను. కిక్కిస గడ్డి పొదల మీద వరద తెచ్చిన బెజవాడ చెత్త వేలాడుతోంది. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, పిల్లల స్కూలు బ్యాగు ఒకటి.

“పెదనాన్నా, బయలుదేరిన దగ్గర్నుంచీ మీరు మూడు మాటలు మాట్లాడారు.”

“కూర్చో. దోనె ఒరుగుతుంది.”

“ఇప్పుడు ఆరయ్యాయి. పర్లేదు, ఈ లెక్కన లంక చేరేసరికి మీరు పాస్టరుగారైపోతారు.”

అంతలోనే నవ్వు ఆపేసింది. నీళ్ళలోకి చూస్తూ కూర్చుంది. ఏం వెతుకుతోందో నాకు తెలుసు. నేనూ అదే వెతుకుతున్నాను.

లంక దగ్గర పడుతుంటే కప్పల అరుపు ఆగిపోయింది. ఎప్పుడూ అంతే. గాలి ఉన్నా కిక్కిస చప్పుడు చెయ్యదక్కడ. ముందుగా వచ్చిన గూడబాతులు ఒడ్డంతా తెల్లగా కూర్చుని ఉన్నాయి. జాయ్సీ దోనె దిగి మోకాలి లోతు నీళ్ళలో అడుగు వేసిందో లేదో, అన్నీ ఒక్కసారి లేచాయి. రెక్కల గాలి ముఖానికి కొట్టింది. చుట్టు తిరిగి, కొంచెం అవతల మళ్ళీ వాలాయి.

ఆమె దోనె కడుతుంటే నేను ముందు నడిచాను. వాలిన పక్షుల మధ్య నుంచే దారి. ఒక్కటీ లేవలేదు. ఒక గూడబాతు నా మోకాలికి తగిలేంత దగ్గరలో ఉంది. సంచిలాంటి గొంతు ఆడిస్తూ నా వెనకాల ఉన్న నీళ్ళను చూస్తోంది, నేను అడ్డం లేనట్టు.

“మీరంటే వాటికి బొత్తిగా భయం లేదే!” అంది జాయ్సీ వెనక నుంచి. ఆమె రాగానే అవి మళ్ళీ లేచాయి.

ముందు ఒడ్డు చుట్టూ తిరిగాం. ఎక్కడా దోనె లేదు. బట్టపేలిక లేదు. పడమటి వైపు వరద ఒడ్డును కోసేసింది. కత్తితో కోసిన రొట్టెలాగ లంక లోపలంతా కనిపిస్తోంది. నల్ల ఒండ్రు చార, దాని మీద తెల్ల గుల్లల చార, మళ్ళీ నల్లది, మళ్ళీ తెల్లది. అడుగున పెంకులున్నాయి, మా తాతల తాతలవి అయ్యుంటాయి. జాయ్సీ వేలితో ఒక్కో చార తడుముతూ పైకి వచ్చింది.

“ఒక్కో చారా ఒక్కో వేసవా పెదనాన్నా?”

“ఊఁ.”

“ఈ రాయేమిటి?”

చూశాను. ఒడ్డులో అడ్డంగా పొడుచుకొచ్చిన నాపరాయి. అది బడి అరుగు. నేను ఓనమాలు దిద్దిన అరుగు. నాకు తెలిసినంతలో అది నేల మీద మూరెడు ఎత్తున ఉండాలి. ఇప్పుడు నేల కింద ఉంది. దాని మీద చారలున్నాయి.

“మీరు లంక వదిలాక మట్టి పొయ్యలేదన్నారుగా?”

“పొయ్యలేదు.”

“మరి ఇవేంటి?”

“వరద ఒండ్రు.”

ఆమె వంగి దగ్గరగా చూసింది. “వరద ఒండ్రు పరిచినట్టు ఉంటుంది కదండీ. ఇది ముద్దలు ముద్దలుగా ఉంది. చూడండి, ప్రతి ముద్దా ఒకటే సైజు.” తన చేతులు రెండూ గుండ్రంగా చేసి ఒక ముద్దకు ఆనించి చూపించింది. “తట్ట బోర్లించినట్టు.”

నేను ఆమెను అక్కడి నుంచి లేవమన్నాను. కోసిన ఒడ్డు విరిగి పడుతుందని చెప్పాను. పడేదే, అబద్ధం కాదు. కానీ నేను లేవమన్నది అందుకు కాదు. తట్టలు మానేసి ఇన్నేళ్ళయినా లంక ఎందుకు దిగిపోలేదని మా కాలనీలో ఎవరూ ఎవరినీ అడగరు. పక్కనున్న చిన్న లంకలన్నీ ఎప్పుడో నీళ్ళలో కలిసిపోయాయి.

మా ఇంటి రాతిగుమ్మం దగ్గరకు వచ్చాం. దాని ఎదుట వరస. చోటుకొక ఇటుక గుర్తు. తట్ట మట్టి ఏడాది తిరిగేసరికి వానకు కరిగి నేలలో కలిసిపోతుంది, ఇటుక మాత్రం ఉంటుంది. తాత, నాన్న, అమ్మ. తర్వాత నా భార్య రాజకుమారి. ఆ తర్వాత చోటు నాది. నా తర్వాతది ఇస్సాకుది. ఆ రెండిటికీ ఇటుకలు నాన్నే పాతాడు.

ఈ నేల మీద నీళ్ళు నిలిచి వెళ్ళాయి. మొండిగోడల మీద నా తలకంటే ఎత్తున గుర్రపుడెక్క వేళ్ళు ఎండి వేలాడుతున్నాయి. అంత నీళ్ళ కింద నేల మీద ఏదున్నా మిగలదు. నేలంతా నున్నగా, పగుళ్ళు తేలి ఉంది.

నా చోటున మాత్రం ఒక కుప్ప ఉంది.

నల్లగా, తడిగా ఉంది. తట్ట అల్లిక దాని పక్కల మీద ఇంకా కనిపిస్తోంది. పైన చేతి గుర్తు. ఎడమచెయ్యి. వెనకవైపు.

జాయ్సీ నా చెయ్యి పట్టుకుంది. “పెదనాన్నా... ఇది మనింటి గుర్తే కదూ? మా నాన్న చెయ్యే కదూ?”

“మన గుర్తే.”

“ఇది ఎవరి చోటు?”

“నాది.”

“మీరున్నారుగా!”

“ఉన్నాను.”

ఆ పిల్ల తెలివైనది. నిమిషంలో అంతా కలిపేసుకుంది. “మీరు ఆస్పత్రిలో పోయారని నాన్నకి ఎవరో చెప్పారు. మీ తట్ట వెయ్యడానికి వచ్చారు. అందుకే మా ఇంట్లో తట్ట లేదు! కానీ ఇది తడిగా ఉంది పెదనాన్నా. వరదకి ముందుది కాదు. నిన్నో మొన్నో పోసింది. నాన్న ఉన్నారు! ఎక్కడో చిక్కుకుని ఉన్నారు, నీళ్ళు తీశాక వచ్చి వేసి వెళ్ళారు!” అని ఏడుస్తూ నవ్వుతూ గుమ్మం మీద కూలబడింది. తర్వాత లేచి, “నాన్నా!” అని అరుస్తూ ఒడ్డు వైపు పరుగెత్తింది. ఆమె వెళ్ళిన వైపల్లా పక్షులు లేస్తున్నాయి.

నేను కుప్ప పక్కన గొంతుక్కూర్చున్నాను. నా ఎడమచెయ్యి ఆ గుర్తు పక్కన పెట్టి చూశాను. గుర్తు పెద్దది. ఇస్సాకు చెయ్యి చిన్నప్పటి నుంచీ నాకంటే పెద్దదే. వాడి చెయ్యే, సందేహం లేదు.

కణుపులు చూశాను. బొటనవేలు, నాలుగు వేళ్ళు. చిటికెన వేలు కూడా ఉంది.

రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటరు రెక్క ఇస్సాకు ఎడమచేతి చిటికెన వేలిని మొదలంటా తీసుకుపోయింది. జాయ్సీ చిన్నపిల్ల అప్పుడు. ఆ చేతినే చూస్తూ పెరిగింది. ఏడుపులో కణుపులు చూసుకోలేదు.

మా నాన్న ఒక మాట అనేవాడు. పోయాక లంకకు వచ్చేవాళ్ళకి వంట్లో ఏ కొరతా ఉండదని. మా కుంటి తాత గురించి అన్నాడు ఆ మాట. నేను నవ్వాను అప్పట్లో.

తట్ట తీసుకెళ్ళాను కానీ మట్టి తియ్యలేదు. జాయ్సీ ముఖం చూసి తియ్యలేకపోయాను. తిరుగుదారిలో ఆమె ఆగకుండా మాట్లాడింది. ఏయే ఊళ్ళలో అడగాలో, ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో. మధ్యలో ఒకసారి నీళ్ళలో చేతులు ముంచి కడుక్కున్నాను.

విక్టోరియా రోడ్డు మీదే నిలబడి ఉంది. ముందు నా చేతులు చూసింది. కూతురు చెప్పింది తర్వాత విన్నది. ఇంట్లోకి పరుగెత్తి, పక్కింట్లో చేపలు అరువు తెచ్చి, బొమ్మిడాయిల పులుసు పెట్టింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందని వెంకటలక్ష్మి చెప్పింది.

“తినండి బావగారూ. మీరు సన్నబడిపోయారండి.” వడ్డిస్తూ, ఉన్నట్టుండి గరిటె ఆపింది. “గుర్తులో చిటికెన వేలు లేదు కదండీ?”

“నేను చూడలేదమ్మా,” అంది జాయ్సీ. “పెదనాన్న కూర్చుని చూశారు.”

ఇద్దరూ నా వైపు చూశారు. నేను అన్నంలో పులుసు కలుపుకుంటున్నాను.

“ఇంకొంచెం పొయ్యమ్మా,” అన్నాను.

పోసింది. అడిగింది మళ్ళీ అడగలేదు.

భోజనం అయ్యాక వీర్రాజు దగ్గరకు వెళ్ళాను. వాడు చేపల లారీలకు ఐసు కొడతాడు. నేను ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఎదురుపడటం లేదు. నన్ను చూసి సుత్తి కింద పెట్టేశాడు.

“ఇస్సాకుతో ఏం చెప్పావు?” అన్నాను.

“బాబాయ్...”

“చెప్పు.”

“మా బావమరిదిని చూడ్డానికి వచ్చానండి ఆస్పత్రికి. మీ దుప్పటి ముఖం మీదకి కప్పేసి ఉంది. నేనేమనుకోనండీ? వస్తుంటే గట్టు మీద ఇస్సాకు కనపడ్డాడు. మీ అన్నయ్య పోయాడ్రా అన్నాను. వాడు ఏడవను కూడా లేదండి. ‘మట్టిలో పెట్టేలోపు పడాలి’ అన్నాడు, ఇంటి వెనక్కి వెళ్ళాడు, తట్ట తెచ్చుకున్నాడు. నీళ్ళు ఎక్కుతున్నాయి, ఆగరా అన్నానండి, ప్రమాణపూర్తిగా అన్నాను. ‘మీ అన్నయ్యే అయితే నువ్వు ఆగుతావా’ అన్నాడు.” వాడు ముక్కు తుడుచుకున్నాడు. “తర్వాత మీరు బస్సు దిగడం చూశాను బాబాయ్. ఎవరికి చెప్పనూ?”

వీర్రాజు చూసిందే చెప్పాడు. వేరే ఊరివాడైతే ఆస్పత్రికి పరుగెత్తేవాడు, శవం ముఖం చూసేవాడు. ఇస్సాకు మా వాడు కాబట్టి ముందు తట్టకు పరుగెత్తాడు.

ఇంటికి వచ్చి పడుకున్నాను. పక్కింటి గోడ అవతల విక్టోరియా, జాయ్సీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. రేపు కైకలూరు వైపు అడగాలి, ఎల్లుండి ఆకివీడు. నవ్వులు కూడా వినిపించాయి. తమ్ముడు నా చోటు నింపి, తన చోటు ఖాళీగా వదిలి ఎక్కడో నీళ్ళలో ఉన్నాడు. వాడికి వేసేవాడిని నేనొక్కడినే. నేను వెయ్యకపోతే వీళ్ళు ఊరూరా తిరుగుతూనే ఉంటారు, వాడూ తిరుగుతూనే ఉంటాడు.

తెల్లవారుతుండగా ఒక్కడినే దోనె తీశాను.

ఒడ్డున పక్షులు నిండుగా ఉన్నాయి. వాటి మధ్య నుంచే నడిచాను. ఒక్కటీ తల తిప్పలేదు. నా తట్ట పడ్డాక వాటి లెక్కలో నేను లేను కాబోలు. నా చోటున కుప్ప అలాగే ఉంది, నిన్నటికంటే తడిగా. దాన్ని తియ్యాలని రాత్రంతా అనుకున్నాను. బతికున్నవాడిని, తీసేస్తే తప్పేముంది అనుకున్నాను. తీరా చూస్తే చెయ్యి రాలేదు. వాడు నీళ్ళు ఎక్కుతున్నా ఆగకుండా వచ్చి వేసింది అది.

నీళ్ళలోకి దిగి, అడుగు నుంచి ఒండ్రు పారతో తీసి తట్ట నింపాను. గుండె నొప్పి పెడుతుందేమో అనుకున్నాను, పెట్టలేదు. ఇస్సాకు ఇటుక దగ్గర బోర్లించాను. ఎడమచెయ్యి వెనకవైపు అద్దాను. కాసేపు అలాగే ఉంచాను. మట్టి చల్లగా ఉంది. వాడి పేరు ఒకసారి పిలిచాను.

లేచి వెనక్కి చూడకుండా నడిచాను. సగం దారిలో ఉండగా వెనకాల దబ్బుమని చప్పుడైంది. తడిమట్టి నేల మీద పడిన చప్పుడు. కాస్త ఆగి ఇంకొకటి. మరి కాస్త ఆగి ఇంకొకటి, ఈసారి పడమటి వైపు, బడి అరుగు దగ్గర. ఎవరో తొందరేమీ లేకుండా పని చేసుకుంటున్నట్టుంది. నేను తిరిగి చూడలేదు. దోనె ఎక్కి, కుడిచేత్తో, చంకతో గెడ పట్టి తోశాను. ఎడమచెయ్యి నీళ్ళకు తగలనివ్వలేదు.

కాలనీ చేరేసరికి ఎండ వచ్చింది. మట్టి చేతి మీద ఆరి బిగుసుకుంది. విక్టోరియా గుమ్మం ముందు ఊడుస్తోంది. జాయ్సీ జడ వేసుకుంటూ ఎవరికో ఫోన్‌లో వాళ్ళ నాన్న ఆనవాళ్ళు చెబుతోంది, ఎత్తు ఇంత, ఎడమచేతికి చిటికెన వేలుండదు అని.

నేను వాకిట్లో నిలబడ్డాను.

విక్టోరియా తలెత్తి నా ముఖం చూసింది. తర్వాత చెయ్యి చూసింది. చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. జాయ్సీ ఫోన్‌లో మాట్లాడటం ఆపేసింది.

లోపల బిందెలో చెంబు ముంచిన చప్పుడు వినిపించింది. నేను వంగి చెయ్యి ముందుకు చాపాను.